పన్నెండో పేరు

సింకు కింద దూరిన మనిషివి కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. ఎడమ కాలికి నీలం చెప్పు, కుడి కాలికి ఆకుపచ్చ చెప్పు. చంకలో పిల్లనేసుకుని పక్కన నిలబడ్డ మణికి, శుక్రవారం శుక్రవారం తెల్ల చొక్కా తొడుక్కుని ప్రార్థన చేయించే పాస్టరుగారు ఈయనేనంటే నమ్మబుద్ధి కాలేదు.

"ఆ టేపు ఇట్లియ్యిమా," అన్నాడు పెద్దన్న, చెయ్యి ఒక్కటే బయటికి చాపి.

మణి తెల్ల టేపు చుట్ట అందించింది. ఆయన పైపు మరల మీద టేపును లాగి బిగించి, బొటనవేలితో అదుముతూ చుడుతున్నాడు. ఒక్కో చుట్టుకీ పెదాలు కదులుతున్నాయి. ఆమె వంగి చెవి పెట్టింది. "గురమ్మ... పోలేరమ్మ... మునిలక్ష్మి..."

"ఏంటండి అయ్యగారూ, మంత్రమా?"

"మంత్రం యాడిది మా, ప్రార్థన. పదకొండు చుట్లు, పదకొండు పేర్లు. పనీ అయితాది, ప్రార్థనా అయితాది. ప్రభువుకు గూడా టైము కలిసొస్తాది."

మణికి నవ్వొచ్చింది. ఈ రెండు వారాల్లో నవ్వొచ్చినప్పుడల్లా ఆమెకు ముందు భయం వేసేది, నవ్వినందుకు ఏమవుతుందోనని. పిల్లను ఇంకాస్త గట్టిగా అదుముకుంది.

ఫింటాస్‌లో ఆ నాలుగంతస్తుల బిల్డింగు కింద ఒక పెద్ద సర్దాబ్ ఉంది. నేలమాళిగను అరబ్బులు అలా అంటారు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన రోజు నుంచి, కిటికీ అద్దాలు ఎప్పుడు మీద పడతాయోనని, బిల్డింగులో ఉన్న తెలుగు కుటుంబాలన్నీ చాపలూ స్టవ్వులూ మోసుకుని అందులోకి దిగాయి. నాలుగు రోజులకు పనిమనుషులు పదకొండు మంది వచ్చి చేరారు. అందరూ కడప జిల్లా ఆడవాళ్ళే. వాళ్ళ యజమానులు రాత్రికి రాత్రి కార్లలో సౌదీకి వెళ్ళిపోతే, తాళం వేసిన ఇళ్ళ ముందు మిగిలిపోయినవాళ్ళు. మంగఫ్‌లో కంపెనీ గదిలో ఉండే పెద్దన్న ఒక్కొక్కరినీ వెతికి, నడిపించుకుంటూ తీసుకొచ్చాడు. వారంలో ఆరు రోజులు ప్లంబరు, ఏడో రోజు పాస్టరు. ఇప్పుడు వారాలు కలిసిపోయి రెండు పనులూ రోజూ చేస్తున్నాడు.

కుళాయి దగ్గింది, ఉమ్మింది, ఆ తర్వాత సన్నటి ధార కట్టింది. సర్దాబులో రెండు వైపులా చాపల మీదున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. రెండు వైపులా అనడం ఎందుకంటే, చాపలు నిజంగానే రెండు వైపులా ఉన్నాయి. గోడ వారగా ఫ్యాన్లున్న పక్క కుటుంబాలు. మెట్ల పక్కన, వంట పొగ తిరిగే చోట కద్దామాలు, అంటే ఆ పనిమనుషులు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. అందరికీ ముందే తెలిసినట్టు కూర్చున్నారు.

ఆ సాయంత్రం మగ్రిబ్ అజాన్ అయ్యాక వెంకటరాజుగారు జాబితా తీశారు. భీమవరం వైపు మనిషి, ఒక పెద్ద కంపెనీలో అకౌంట్స్ అంతా చూసే ఆఫీసరు. యుద్ధమొచ్చిన నాలుగో రోజే బిల్డింగుకో కమిటీ వేసి, తానే అధ్యక్షుడూ తానే కార్యదర్శీ అయ్యారు. నూర్ మహమ్మద్ అనే రాయచోటి డ్రైవరు దగ్గర ఒక స్కూలు బస్సు ఉంది. శనివారం పొద్దున్నే ఆ బస్సు బయల్దేరి, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లో అమ్మాన్ చేరితే, అక్కణ్ణించి విమానం. రాజుగారు రూళ్ళ కాయితం మీద పేరు, పక్కన పాస్‌పోర్టు నంబరు రాసుకున్నారు. అందులో ముప్పై మూడు పేర్లు.

"చినబాబు."

"ఆయ్, ఉన్నానండి," అన్నాడు మణి భర్త.

"భార్య మణి. పాప, తల్లి పాస్‌పోర్టులో ఉంది."

మణి తల ఊపింది. రోజూ ఇక్కడ ఇలాగే ఊపేది. పాప తల్లి పాస్‌పోర్టులో లేదు. ఎక్కడా లేదు. పుట్టి పది నెలలైంది. అల్ రాయ్‌లో కారు విడిభాగాల గోడౌనులో స్టోరు చూసే చినబాబుకు, పిల్లను పాస్‌పోర్టులో ఎక్కించడానికి ఒక రోజు సెలవు దొరకలేదు. వచ్చే వారం, వచ్చే వారం అంటూ ఉండగానే ఇరాక్ వచ్చేసింది. ఆస్పత్రి ఇచ్చిన కాయితం కంపెనీ ఆఫీసులో ఉంది. ఆ ఆఫీసు ఇప్పుడు మాడిన గోడలుగా ఉంది.

ముప్పై మూడో పేరు చదివి రాజుగారు పెన్ను మూత పెట్టారు. "ఇంకోసారి చెబుతున్నానండి. దారిలో ఏ చెక్‌పోస్టులోనైనా ఒక్కళ్ళకి కాయితాలు లేకపోయినా బస్సు మొత్తం వెనక్కి తిప్పేస్తారట. అందుకని పాస్‌పోర్టు లేనివాళ్ళు రెండో బస్సులో వద్దురుగాని."

రెండో బస్సు లేదని అందరికీ తెలుసు. రాజుగారికీ తెలుసు.

అప్పుడు పెద్దన్న లేచి నిలబడ్డాడు. చేతిలో కాయితం ఏమీ లేదు.

"పోలేరమ్మ."

"ఉండా," అంది మెట్ల పక్కనుంచి ఒక గొంతు.

"గురమ్మ."

"ఉండా నాయినా."

అలా పదకొండూ పిలిచాడు. చివరి రెండు మూడు పేర్లకు ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుతూ, బళ్ళో పిల్లల్లా చెయ్యెత్తారు.

"ఆ పేర్లు ఇందులో లేవండి పాస్టరుగారూ," అన్నారు రాజుగారు, ఓపిగ్గానే.

"కాయితంలో లేరు లెండి. సర్దాబులో ఉండారు కదన్నా. నేను సర్దాబు జాబితా చదువుతాండా."

"చూడండి, సీట్లు..."

"సీట్లు నలభై ఆరు. వెనకాల పదమూడు సీట్లల్లో సామాను పెడతామని రాసినారు. ఎంబసీ దారిలోనే ఉండాది. ఒక్క దినం ఆగి అందరం పోతే, తెలిసినోళ్ళు సాక్షి సంతకం పెడితే, పాస్‌పోర్టు ల్యాకున్నా కాయితం ఇస్తాండారు. నేను పోయి కనుక్కోనొచ్చినా."

"ఒక్క రోజులో ఏం జరుగుతుందో ఎవరికి తెలుసండి? చిన్న పిల్లలున్నారు."

మెట్ల పక్కన కూర్చున్న సిద్ధమ్మ ఉల్లిపాయ తరుగుతూనే అందరికీ వినబడేలా అంది. "రాజుగారి వీసీఆరుకు కిటికీ పక్క సీటంట లే. గాలి తగలకుంటే వాంతులు చేసుకుంటాది గామాల."

ఈ పక్క చాపల మీద కూడా ఒకరిద్దరు నవ్వు ఆపుకోలేకపోయారు. రాజుగారి భార్య పాపాయమ్మగారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. అంతటితో ఆ రోజు సభ ముగిసింది. జాబితాలో ఒక్క పేరూ పెరగలేదు, తగ్గలేదు.

మర్నాడు గురువారం పొద్దున మునిలక్ష్మి రొట్టెల లైను నుంచి తిరిగొచ్చింది. పదకొండు మందిలోకి చిన్నది, ఇరవై ఏళ్ళుంటాయి. బిల్డింగు మొత్తానికి ఖుబ్బూస్ తెచ్చేది ఆ ఆడవాళ్ళే. ఆఫీసులకు వెళ్ళే మగవాళ్ళు పదేళ్ళ నుంచి ఉన్నా "షుక్రాన్" దాటి అరబ్బీ రాదు. వీళ్ళు, మామా అనే ఇంటి యజమానురాలు తిట్టిన తిట్లతో సహా నేర్చుకున్నారు. మునిలక్ష్మి రొట్టెల సంచి కింద పెట్టి, పైన వేసుకున్న నల్లటి అబాయా లోపలి నుంచి పాలపొడి డబ్బా తీసి మణి ఒళ్ళో పెట్టింది.

"ఎక్కడిదే?"

"జమియా కొట్లో బిడ్డ తల్లులకు మాత్రమే ఇస్తాండారక్కా. నాకు బిడ్డ ఉంది అన్నా. ఆడుండే ఇరాక్ సార్జెంటు నమ్మల్యా. నీ బిడ్డ పేరేంది అన్నాడు. మీరు 'పండూ, పండూ' అని కదా పిలిచేది? పండును అరబ్బీలో ఏమంటారబ్బా అని ఆలోచన చేసి, 'ఫాకిహా' అనేసినా. వాడు పడీ పడీ నవ్వి డబ్బా ఇచ్చినాడు." పిల్ల బుగ్గ గిల్లింది. "ఇరాక్ సైన్యం లెక్కలో నువ్వు ఫాకిహావి. తెలిసిందా?"

పాప ఇగుళ్ళన్నీ చూపించి నవ్వింది. మణి కూడా నవ్వింది. డబ్బా మూత బిగుసుకుపోయి ఆమెకు రాలేదు. మునిలక్ష్మే చెంచా మొనతో ఎత్తి తీసింది.

"నీకు భయం లేదేంటే, శనివారం మేం వెళ్ళిపోతే?"

"ఎందుకుండదక్కా?" అంది మునిలక్ష్మి, పొడి కొలుస్తూ. "నీళ్ళు కాచినవేనా?"

మధ్యాహ్నం అందరూ కునుకు తీసేవేళ మణి భర్త పక్కకు జరిగింది.

"చెప్పేద్దామండి. రాజుగారితో."

"ఏం చెబుతావే? చెబితే మన ముగ్గురి పేర్లూ కొట్టేస్తారు. చెక్‌పోస్టు వచ్చినప్పుడు పిల్లని పమిట కింద పెట్టుకుని పడుకోబెట్టెయ్. అంతే."

"పది నెలల పిల్ల పమిట కింద ఎంతసేపుంటుందండి?"

"ఎంతసేపు తనిఖీ చేస్తే అంతసేపుంటుంది," అన్నాడు చినబాబు. అతనికే నమ్మకం కుదరలేదేమో, విసనకర్ర తీసుకుని పిల్లకు విసరడం మొదలుపెట్టాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

మణి అటు తిరిగి పడుకుంది. మెట్ల పక్కనున్నవాళ్ళకు లేనిది ఏమిటో, తన పిల్లకు లేనిదీ అదే. అయినా వాళ్ళు అటు, తను ఇటు. రాజుగారు వాళ్ళ సంగతి చెప్పిన ప్రతిసారీ తను తల ఊపింది. ఊపకపోతే ఎవరైనా అనుమానపడతారని ఊపింది. బస్సు వెనక్కి తిప్పేస్తే తిప్పేది తన పిల్ల వల్లే అవుతుందని తెలిసి కూడా ఊపింది. ఆమెకు ఏడుపొచ్చింది. అంతలో పిల్ల ఒళ్ళంతా పాకి ముక్కు పట్టుకుని లాగడంతో ఆ ఏడుపు కూడా సరిగ్గా సాగలేదు.

శుక్రవారం పెద్దన్న తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఇస్త్రీ లేదు. చెప్పులు మాత్రం అవే, నీలమూ ఆకుపచ్చా. రెండు వరుసల చాపల మధ్య ఖాళీ నేల మీద నిలబడి ప్రార్థన చేశాడు. చాలామంది హిందువులే అయినా, ఆ రోజుల్లో ఎవరు ఏ దేవుణ్ణి పిలిచినా పక్కవాళ్ళు కూడా చేతులు జోడించేవాళ్ళు.

"ప్రభువా," అన్నాడు పెద్దన్న, కళ్ళు తెరుచుకునే. "మూడు దినాలుగా ఒకటే అడుగుతాండా. నీకూ విసుగొచ్చింటాది, నాకూ గొంతు పోయింది. అయినా రేపు గూడా అడుగుతా. నువ్వు నాకు నోరిచ్చింది దానికే కదా. నా మాట నీకు వినబడితే సరే. వినబడకుంటే ఈడుండోళ్ళలో ఎవురికన్నా వినబడనీ. ఆమెన్."

"ఆమెన్," అన్నారు అందరూ. అందులో రాజుగారి గొంతు కూడా ఉంది, అలవాటు లేని పాట అందుకున్నట్టు.

సిద్ధమ్మ వాళ్ళు పప్పు, అన్నం, కారం వేసిన ఉల్లిపాయ ముక్కలూ వడ్డించారు. ముందు కుటుంబాల చాపలకు, తర్వాత తమకు. పెద్దన్న ఎప్పటిలాగే ఏ చాప మీదా కూర్చోకుండా మధ్యలో నేల మీద కూర్చుని తిన్నాడు. మణి ఆయన్ని చూస్తూ ఉండిపోయింది. ఆయన ముద్ద కలుపుతున్నాడుగానీ నోట్లో పెట్టడం లేదు. వేళ్ళు ఆగి ఆగి కదులుతున్నాయి. ఇన్నాళ్ళూ గలగలా మాట్లాడిన మనిషికి కూడా భయముందని ఆమెకు అప్పుడు తెలిసింది.

మగ్రిబ్ అయింది. అదే చివరి జాబితా. తెల్లారితే బస్సు.

రాజుగారు ముప్పై మూడూ చదివారు. చినబాబు, మణి, పాప తల్లి పాస్‌పోర్టులో. మణి ఈసారి తల ఊపలేదు. అది ఎవరూ గమనించలేదు. రాజుగారు పెన్ను మూత పెట్టారు. పెద్దన్న లేచాడు.

"పోలేరమ్మ." "ఉండా." "గురమ్మ." "ఉండా." "సిద్ధమ్మ." "యాడికి పోతా, ఉండా." పేర్లు చివరికి వస్తుంటే మణి పిల్లను చంకలోకి ఎత్తుకుంది. "మునిలక్ష్మి." "ఉండా." పదకొండో పేరు అయిపోయింది. పెద్దన్న కూర్చోబోయాడు.

"ఇంకొకళ్ళున్నారండి," అంది మణి.

తను లేచి నిలబడ్డానని ఆమెకు చినబాబు చీర కుచ్చిళ్ళు పట్టుకుని కిందికి లాగినప్పుడు తెలిసింది. ఆమె కూర్చోలేదు.

"పన్నెండో పేరు. మా పిల్లదండి. ఇది నా పాస్‌పోర్టులో లేదు. దీనికి ఏ కాయితమూ లేదు. రోజూ అబద్ధానికి తల ఊపానండి."

"పేరేందిమా?" అన్నాడు పెద్దన్న, నెమ్మదిగా.

"పేరింకా పెట్టలేదండి. ఊరెళ్ళాక అన్నవరంలో పెడదామని..."

పిల్ల అందరూ తనవైపు తిరిగినందుకు సంతోషపడి, "ఉఁ!" అని పెద్దగా అరిచింది.

"హాజరు పలికింది," అంది మునిలక్ష్మి. నవ్వులు పడ్డాయి.

రాజుగారు నవ్వలేదు. మొహం ఎర్రబడింది. "ఏంటమ్మా ఇది? దారిలో పట్టుకుంటే ముప్పై మందినీ ఆపేసేవారు కదా! పాస్‌పోర్టులు సరిగ్గా ఉన్నవాళ్ళ గతేం కాను?"

అంతవరకూ వక్క కొరుకుతూ కూర్చున్న పాపాయమ్మగారు తలెత్తారు. "మీది మాత్రం సరిగ్గా ఉందేంటండీ? మీ పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో లేదూ?"

"నువ్వూరుకో."

"ఊరుకునే ఉన్నాగా ఇన్నాళ్ళూ. నంబరు బట్టీ వచ్చు కదాని రాసేసుకున్నారు. చెక్‌పోస్టులో పద్యంలా అప్పజెబుతారా?"

ఈసారి నవ్వు కుటుంబాల చాపల మీంచే మొదలైంది. ఎవరో గొంతు సవరించుకుని, నాదీ కంపెనీలోనే ఉందండి అన్నారు. ఇంకొకాయన, నాదీ అంతేనండి, నంబరడిగారు గనక నంబరు చెప్పాను అన్నాడు. చినబాబు కుచ్చిళ్ళు వదిలేసి, "ఆయ్, నాదీ మేనేజరు దగ్గరేనండి," అన్నాడు మెల్లగా, ఆ మాట తనకూ చెప్పని మణి వైపు చూడకుండా. కువైట్‌లో ఎవరి పాస్‌పోర్టు వాళ్ళ దగ్గర ఉంటేనే వింత. అందరికీ తెలిసిన ఆ సంగతిని నాలుగు రోజులుగా ఒకరికొకరు దాచుకున్నారు. లెక్క తేలేసరికి ముప్పై మూడు మందిలో పాస్‌పోర్టు చేతిలో ఉన్నది తొమ్మిది మందికి. అందులో మణి ఒకతె.

"పదిమంది," అంది సిద్ధమ్మ.

ఉల్లిపాయల చేతులు కొంగుకు తుడుచుకుని, జాకెట్లోంచి ప్లాస్టిక్ కవరు తీసి, కవర్లోంచి నీలం పుస్తకం తీసింది. చెమటకు అంచులు ఉబ్బి ఉన్నాయి. తీసుకొచ్చి రాజుగారి రూళ్ళ కాయితం మీద పెట్టింది.

రాజుగారు తెరిచి చూశారు. వీసా ఉంది. కువైట్‌లో ఉండనిచ్చే ఇఖామా ఉంది. అన్నీ ఉన్నాయి.

"మీరు చెప్పలేదేంటమ్మా?"

"నన్నెవురడిగినారు సామీ? మా వరసకొచ్చేతలికి మీరే 'లేదు' అని రాసుకుంటిరి. మా మామా పొయ్యేనాటి పొద్దున చేతిలో పెట్టి పొయ్యింది, మంచిది పాపం. నేనొక్కదాన్నే నంబరు చెప్పి ఎక్కిపోతే, ఈ పిల్లోళ్ళకు తోడు ఎవురుండాల?"

రాజుగారు ఆ పుస్తకం మూసి సిద్ధమ్మ చేతికిచ్చారు. తర్వాత పెన్ను మూత తీశారు. ముప్పై మూడు కింద గీత ఉంది. ఆ గీత కింద ముప్పై నాలుగు అని వేశారు.

"పాస్టరుగారూ, మీ పేర్లు ఇంకొక్కసారి మెల్లగా చదవండి," అన్నారు. "నూర్ మహమ్మద్, బస్సు ముందు ఎంబసీకి."

"యల్లా, పోదాం," అన్నాడు మెట్ల మీద కూర్చున్న డ్రైవరు. "వీసీఆరో?"

"దాన్ని వదిలేస్తున్నాం బాబూ," అన్నారు పాపాయమ్మగారు.

పెద్దన్న పేర్లు మళ్ళీ చదివాడు. అయ్యాక కుళాయి దగ్గరికెళ్ళి మొహం కడుక్కున్నాడు. పాలసీసా కడగడానికి మణి పక్కకొచ్చింది.

"మీకు కోపం రాలేదాండి, ముందే చెప్పలేదని?"

"కోపం యాడిదిమా. ఈ పక్కనుంచి నేనెంత లేచినా లేచినట్టు గాదు. ఆ పక్క చాప మీంచి ఒక్కరు లేస్తారా అని మూడు దినాలుగా చూస్తాండా." మొహం మీద నీళ్ళు అరచేత్తో దులుపుకున్నాడు. "లేవరేమో అనుకున్న్యా. ప్రభువు కాడ ఆ మాట మాత్రం చెప్పల్యా, సిగ్గేసి."

మర్నాడు ఎంబసీ ఆవరణలో ఎండ ఉతికేస్తోంది. వందల మంది జనం. చెట్టు నీడన బల్ల వేసుకుని ఒక తెలుగు ఆఫీసరు కాయితాలు రాస్తున్నాడు. పాస్‌పోర్టు చేతిలో ఉన్నవాళ్ళు ఇద్దరు సాక్షి చెప్పాలి. అలా చెప్పగలిగినవాళ్ళు ఈ బస్సులో పదిమందే కాబట్టి, ఆ పదిమందికీ ఊపిరాడలేదు. మునిలక్ష్మికి మణి సంతకం పెట్టింది. వెంకటరాజుగారి వరస వచ్చేసరికి ఎదురుగా ఖాళీగా ఉన్నది సిద్ధమ్మ.

"ఈయన మీకు తెలుసా?" అన్నాడు ఆఫీసరు.

సిద్ధమ్మ రాజుగారిని పైనుంచి కిందికి చూసింది. రాజుగారు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు.

"తెల్సు సార్. మంచోడే. కొంచిం జాబితాల పిచ్చి." ఇంకు పూసిన బొటనవేలు గట్టిగా అద్దింది.

పాపాయమ్మగారు పగలబడి నవ్వారు. చివరికి రాజుగారు కూడా నవ్వేశారు.

మణి వంతు వచ్చింది. పిల్ల చంకలో నిద్రపోతోంది, లాలాజలం ఆమె భుజం మీద చల్లగా తగులుతోంది. చినబాబు వెనకే నిలబడ్డాడు. ఆఫీసరు కొత్త కాయితం తీసి, తలెత్తకుండానే అడిగాడు.

"బిడ్డ పేరు?"

"అదేనండి," అన్నాడు చినబాబు, "మా అమ్మగారు ఒక పేరు అనుకున్నారు, మా నాన్నగారు ఒకటి, ఊరెళ్ళాక..."

"ఊరెళ్ళాక కాదు బాబూ, ఇప్పుడు. పేరు లేకపోతే కాయితం లేదు."

వెనక లైనులోంచి "ఫాకిహా" అని మునిలక్ష్మి మెల్లగా అంటే, ఎవరో ఆమె వీపు మీద చరిచారు.

మణి పిల్లను ఎడమ భుజం మీదికి మార్చుకుని కుడిచెయ్యి చాపింది. "పెన్నివ్వండి. నేను రాస్తాను."

ఆఫీసరు అప్పుడు తలెత్తి చూశాడు. పెన్నిచ్చాడు.

ఆమె వంగి, బల్ల మీద మోచెయ్యి ఆనించి, గుండ్రంగా, బళ్ళో పలక మీద రాసినట్టు ఒక్కో అక్షరమే రాసింది. రమాదేవి. చినబాబుకు తెలిసిన చుట్టాల్లో ఆ పేరుగలవాళ్ళు ఎవరూ లేరు. ఏడో తరగతిలో మణి చదువు మాన్పించినప్పుడు, మూడు రోజులు వరసగా ఇంటికొచ్చి నాన్నతో పోట్లాడి ఓడిపోయిన పంతులమ్మ పేరది.

"ఇంగ్లీషులో రాయాలమ్మా," అన్నాడు ఆఫీసరు.

"అది మీరు రాసుకోండి," అంది మణి.